వీడియో క్రీడయందు నాగరికతల ఎంపిక

యుద్ధవ్యూహప్రధానమగు వీడియో క్రీడయందొక నాగరికతను చేర్చుటయన దానికొక పేరును, కొన్ని బలములను నిర్ణయించుటయే. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ క్రీడయందు 2013లో చేరిన 'ఇండియన్లు' అను వర్గమునకు మారుగా 2022లో హిందూస్థానీ, బెంగాలీ, గుర్జర, ద్రావిడ వర్గములు ఏర్పడినవి. ద్రావిడులకు నౌకాబలమును, రాజేంద్రచోళుని కథను ఒసంగిరి. 1163 నాటి హనుమకొండ శాసనమున స్వతంత్రులుగా గోచరించి, చెరువుల నీటిపై రాజ్యమును నిలిపి, 1323 వరకు ఏలిన కాకతీయులు ఈ చట్రమున ఇముడరు.

'ద్రావిడము' మన పూర్వుల వాడుకలో తమిళమే. భాషాకుటుంబమునకు ఆ పేరును స్థిరపరచినది 1856 నాటి కాల్డ్వెల్ వ్యాకరణము. కుటుంబనామము రాజ్యనామము కాజాలదు. సిద్దిపేట విద్యార్థి ఆ క్రీడలో ఓరుగల్లును వెదకినచో చోళుల ఓడలే కనబడును. కావున జీవనాధారము, రాజధాని, శాసనభాష అను మూడింటిని బట్టియే ఎంపిక జరుగవలెనని మేము తలచుచున్నాము.