వాయిదా కూడా శిక్షే!

పాత కృష్ణా జిల్లా మెట్టలో, జగ్గయ్యపేట, నందిగామ కోర్టుల దగ్గర వాయిదాకొచ్చి చెట్టుకింద కూర్చునే కూలీని మనం ఎరుగుదుం. వస్తే ఆ రోజు మిరపకోత కూలి పోతుంది. రాకుంటే వారంటు వస్తుంది. నేరం రుజువు కాకముందే ఇది శిక్ష కాదా?

బీహారు జైళ్ళలో విచారణ లేకుండా మగ్గుతున్న పేదల గోడు 1979లో, హుస్సేనారా ఖాతూన్ కేసుగా, సుప్రీంకోర్టుకెక్కింది. నేరం రుజువైనా పడని కాలం కొందరు లోపలే గడిపారని తేలింది. సత్వర విచారణ 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కని కోర్టు చెప్పింది; అలాంటి వారిని విడిచిపెట్టమంది.

జాప్యం బాధితుణ్ణీ వదలదు. 1991లో చుండూరులో దళితుల్ని ఊచకోత కోస్తే, ప్రత్యేక కోర్టు తీర్పుకు 16 ఏళ్ళు పట్టింది. ఆ శిక్షల్నీ 2014లో హైకోర్టు కొట్టేసింది.

హక్కు కాగితం మీదుంటే చాలదు, అడగాలి. జైల్లో ఉన్నవారికి, దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. ఒంటరిగా కాదు, సంఘంగా వెళ్ళి అడుగుదాం.