విమానానికి తెలివి వస్తే



మా పక్కవాటాలో వుండే పిన్నిగారు పోయిన నెల, కూతురి పురిటికని అమెరికా ప్రయాణమయ్యారు. పొడులూ ఊరగాయలూ కట్టడం, పెట్టెలు తూచుకోవడం అన్నీ అయ్యాయి. సాయంత్రం మా ఇంటికొచ్చి, ఎవరూ వినకుండా నెమ్మదిగా అడిగారు: "అమ్మాయ్, ఇప్పుడు విమానాలన్నీ కంప్యూటర్లే నడుపుతున్నాయటగా? కృత్రిమ మేధట, మా మనవడు చెప్పాడు. ఇంతకీ లోపల మనిషంటూ వుంటాడా, వుండడా?"

నాకు నవ్వొచ్చిన మాట నిజమే. కానీ ఆలోచిస్తే అది నవ్వి వూరుకోవలసిన ప్రశ్న కాదు. పిల్లలు దూరదేశాల్లో వున్న తల్లులు మనలో ఎంతమంది లేరు! పదహారు, పద్దెనిమిది గంటలు ప్రాణం ఎవరి చేతుల్లో పెడుతున్నామో తెలుసుకోవద్దూ? అందుకే ఇవాళ ఆ సంగతే చెప్పుకుందాం.

విమానం కొంతసేపు తనంతట తాను ఎగరడం కొత్తేమీ కాదు. 1914లో లారెన్స్ స్పెర్రీ అనే అమెరికన్ యువకుడు పారిస్ దగ్గర సీన్ నది మీద విమానం నడుపుతూ, రెండు చేతులూ పైకెత్తి జనానికి చూపించాడు. బొంగరంలా గిర్రున తిరిగే చక్రాల యంత్రం ఆ విమానాన్ని ఒరగకుండా నిలబెట్టింది. నేటి ఆటోపైలట్‌కు అదే మూలపురుషుడు. అయితే ఆటోపైలట్ వేరు, కృత్రిమ మేధ వేరు.

తేడా ఏమిటంటారా? కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకు "గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు" అని చెప్పామనుకోండి. రోజూ అంతే పోస్తుంది. అది ఆటోపైలట్ పద్ధతి. ఆర్నెల్లు గడిచేసరికి ఒకరోజు అన్నం ముద్దయి, ఒకరోజు పలుకయి, కొత్త బియ్యానికి నీళ్లు తగ్గించాలనీ, పాత బియ్యానికి పెంచాలనీ తనే కనిపెడుతుంది. కృత్రిమ మేధ పద్ధతి ఇదీ. లక్షల ఉదాహరణలు చూపిస్తే వాటిలోని పోలికను కంప్యూటరు తానే పట్టుకుంటుంది. కానీ బియ్యం తప్ప మరొకటి వండని ఆ పిల్ల చేతికి జొన్నలిస్తే? ఈ ప్రశ్న గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంతకీ విమానాల్లో ఈ తెలివి ఎక్కడ పనికొస్తోంది? మొదటిది మరమ్మతుల్లో. ఇంట్లో మిక్సీ మోత మారితే పప్పు రుబ్బుతూనే "ఇది ఇవాళో రేపో ఆగిపోయేట్టుంది" అంటాం కదూ? ఏళ్ల తరబడి విన్న చెవి అది. విమానం ఇంజనులో వేడి, అదురు, చమురు ఒత్తిడి ఎప్పటికప్పుడు కొలిచే సాధనాలు వుంటాయి. ఆ కొలతల్ని వందల ఇంజనుల పాత లెక్కలతో పోల్చి, "ఫలానా భాగం ఇంకొన్నాళ్లలో చెడవచ్చు" అని కంప్యూటరు ముందే చెబుతుంది. అమెరికాలో డెల్టా సంస్థ ఇటువంటి ముందుచూపు మరమ్మతుల మీద చాలా శ్రద్ధ పెట్టింది. మరమ్మతుల మూలంగా రద్దయిన విమానాలు 2010లో 5,600 పైచిలుకు వుంటే, 2018లో 55కు తగ్గాయని ఆ సంస్థ లెక్క. ఈ ఘనతంతా కంప్యూటరుదే అనకూడదు. అది చెప్పగానే భాగం విప్పి చూసి, మార్చి, "బాగుంది" అని సంతకం పెట్టేది మెకానిక్కే.

రెండోది దారి వెతకడం. గాలివాటం, ఉరుములు, రద్దీ అన్నీ చూసి మంచి దారి సూచించే కంప్యూటరును 2020లో అలాస్కా ఎయిర్‌లైన్స్ ఆరు నెలలు వాడి చూసింది. 4,80,000 గ్యాలన్లు, అంటే సుమారు 18 లక్షల లీటర్ల ఇంధనం ఆదా అయిందట. ఇక్కడ కూడా కంప్యూటరుది సలహా మాత్రమే. నేలమీద వుండి ప్రయాణాలు నిర్ణయించే వుద్యోగి నచ్చితే ఒప్పుకుంటాడు, లేకపోతే లేదు.

మూడోది మనకు ఎదురుగా కనబడేది. హైదరాబాదు, విజయవాడ విమానాశ్రయాల్లో "డిజియాత్ర" అనే ఏర్పాటు వుంది. దేశంలో ఇది 2022 డిసెంబరులో మొదలైంది. కాగితాలకు బదులు కెమెరా మన మొహం చూసి, గుర్తుపట్టి గేటు తెరుస్తుంది. వరసలో నిలబడే బాధ తగ్గుతుంది, నిజమే. కానీ ఇది ఇష్టమైతేనే, తప్పనిసరి కాదు. ఎవరైనా "ఇటు చూడండమ్మా" అని తొందరపెడితే, "ఎందుకు బాబూ?" అని అడగండి. మొహమాటం వద్దు. టిక్కెట్టూ గుర్తింపు కార్డూ చూపించి వెళ్లే దారి ఎప్పుడూ వుంటుంది.

నాలుగోది, మనల్ని చిక్కుల్లో పెట్టగలిగేది కూడా, ప్రశ్నలకు జవాబిచ్చే కంప్యూటరు. 2022లో కెనడాలో ఒకాయన అమ్మమ్మ చనిపోతే, ఎయిర్ కెనడా వారి కంప్యూటరును రాయితీ సంగతి అడిగాడు. "ముందు టిక్కెట్టు కొనుక్కోండి, తొంభై రోజుల్లోగా రాయితీకి అర్జీ పెట్టుకోవచ్చు" అంది. తీరా అడిగితే ప్రయాణం అయ్యాక రాయితీ ఇవ్వమన్నారు. కంప్యూటరు మాటకు తాము బాధ్యులం కామని కూడా వాదించారు. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదం చెల్లదని, ఖర్చులతో కలిపి 812 డాలర్లు ఇమ్మని తీర్పు చెప్పింది. ఆయన ఆ సంభాషణ ఫోటో తీసి దాచుకోబట్టి సరిపోయింది. మనమూ అలా దాచుకోవడం నేర్చుకోవాలి.

ఇక జొన్నల ప్రశ్న. 2009 జనవరి 15న న్యూయార్కులో విమానం లేచిన కాసేపటికే పక్షుల గుంపు తగిలి రెండు ఇంజనులూ పోయాయి. పైలట్లకు దొరికిన వ్యవధి మూడున్నర నిమిషాలు. తిరిగి వెళ్లబోతే విమానాశ్రయం అందదని కెప్టెన్ సల్లెన్‌బర్గర్ తేల్చుకుని హడ్సన్ నదిలో దించాడు. లోపలున్న 155 మందీ బతికారు. అలాంటిది అంతకుముందు ఆయనకూ ఎదురుకాలేదు. కానీ మనిషికి చూడనిదాన్ని కూడా ఊహించి, తెగించి, దానికి తానే జవాబుదారీ అయ్యే గుణం వుంది.

దూరప్రయాణాల్లో కొంతసేపు ఒక్క పైలట్‌తో సరిపెట్టవచ్చునా అన్న ఆలోచన కూడా వచ్చింది. ఐరోపా విమాన భద్రతా సంస్థ దాన్ని పరిశీలింపజేసింది. ఇప్పుడున్నంత భద్రత వుంటుందని చూపించడం సాధ్యం కాలేదని 2025లో తేలింది. కనుక పెద్ద ప్రయాణీకుల విమానాల్లో ఇద్దరు పైలట్లు వుండి తీరాలి. ఖర్చు తగ్గించుకోవాలన్న ఆశ సంస్థలకు ఎప్పుడూ వుంటుంది. కాబట్టి "లోపల మనిషి వుంటాడా?" అని పిన్నిగారిలా అడిగేవాళ్లూ ఎప్పుడూ వుండాలి.

ఇదంతా చెబితే పిన్నిగారు నిమ్మళంగా వెళ్లారు. చేరగానే ఫోన్ చేశారు. "దిగేముందు పైలట్ మాట్లాడిందే అమ్మాయ్! ఆడపిల్ల గొంతు! ప్రాణం కుదుటపడింది" అన్నారు.

మీలో ప్రయాణానికి సిద్ధమవుతున్న వారికి శుభం. సెలవు.