ఆకాశానికి కొలబద్ద

కోల్‌కతా నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు పటం మీద గీత గీస్తే, అది దక్షిణ చైనా మీదుగా సాగి పసిఫిక్ మహాసముద్రాన్ని అడ్డంగా దాటుతుంది. అవే రెండు నగరాలను భూగోళపు బొమ్మ మీద ఒక దారంతో కలిపి, దారాన్ని బిగించి చూడండి. అది కొంచెం తూర్పుకు ఒరుగుతూ ఉత్తరానికి ఎగబాకి, తూర్పు సైబీరియాలో ఆర్కిటిక్ వలయం దాపులకు పోయి, అక్కడినుంచి దిగివస్తుంది. దారం చూపినదే దగ్గరి దారి.

ఈ దారికి మహావృత్తమని పేరు. భూకేంద్రం గుండా పోయే తలం భూమిని ఖండించినప్పుడు ఏర్పడే వృత్తమిది. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే, వాటి మధ్య చాపం భూకేంద్రం వద్ద చేసే కోణాన్ని గోళీయ త్రికోణమితి చెబుతుంది. డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 111 కిలోమీటర్లు. కోల్‌కతా, హైదరాబాదు విమానాశ్రయాల నడుమ ఆ కోణం 10.86 డిగ్రీలు; దూరం సుమారు 1,208 కిలోమీటర్లు.

ఈ గణితం కోల్‌కతాకు కొత్త కాదు. 1813లో ఈ నగరంలో జన్మించిన రాధానాథ్ సిక్దర్, 1831లో మహా త్రికోణమితి సర్వేలో గణకుడిగా చేరాడు. దూరాన ఉండి కొలిచిన కోణాల ఆధారంగా, పదిహేనవ శిఖరమే ప్రపంచంలో ఎత్తయినదని 1852లో లెక్కగట్టాడు. అదే నేటి ఎవరెస్టు.

దూరం భూమి నిర్ణయిస్తే, కాలాన్ని గాలి నిర్ణయిస్తుంది. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం హైదరాబాదుకు గంటన్నరలో చేరాలి. కాని కాలపట్టికలో రెండు గంటల పైమాటే ఉంటుంది. రన్‌వే దాకా నడవటం, పైకెక్కటం, నిర్ణీత వాయుమార్గాల వెంట మలుపులు తిరగటం, వేగం తగ్గించి దిగటం, ఇవన్నీ అందులో చేరతాయి.

శీతాకాలంలో ఉత్తర భారతంపై పడమటి నుంచి తూర్పుకు బలమైన జెట్ ప్రవాహం వీస్తుంది. ఢిల్లీ, కోల్‌కతాల మధ్య దూరం సుమారు 1,310 కిలోమీటర్లు. గాలి వేగం గంటకు 100 కిలోమీటర్లనుకుంటే, అదే విమానానికి ఢిల్లీ వెళ్లటానికి 112 నిమిషాలు, తిరిగి రావటానికి 87 నిమిషాలు పడుతుంది.

ఈ పాతిక నిమిషాల తేడా ప్రయాణికునికి విసుగు మాత్రమే. పైలట్‌కు అది ఇంధనం. 1937 జూన్ 17న అమీలియా ఇయర్‌హార్ట్, మార్గదర్శి ఫ్రెడ్ నూనన్ కరాచీ నుంచి వచ్చి డమ్‌డమ్‌లో దిగారు. మరునాడు వానకు తడిసి ముద్దయిన నేల మీదనుంచే లేచి బర్మా వైపు సాగారు. సరిగ్గా పక్షం రోజులకు, జూలై 2న, న్యూగినీలోని లే నుంచి 4,000 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న హౌలండ్ దీవికి బయలుదేరారు. మూడు కిలోమీటర్ల నిడివైనా లేని ఆ దీవి వారికి కనిపించలేదు. ఇంధనం తగ్గిపోతున్నదని రేడియోలో తెలిపారు. ఆ తరువాత వారి జాడ లేదు.

నేడు ఉపగ్రహాలు దారి చూపుతున్నాయి. కంప్యూటర్లు క్షణంలో లెక్క తేలుస్తున్నాయి. అయినా పైలట్ గమ్యానికి సరిపడినంత ఇంధనంతోనే బయలుదేరడు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో కోల్‌కతాను మంచు కమ్మితే వేరొక విమానాశ్రయానికి పోవటానికీ, కొంతసేపు ఆకాశంలో తిరగటానికీ వేరుగా నింపుకుంటాడు. గణితం ఎంత కచ్చితమైనదైనా, వాతావరణానికి కొంత వాటా కేటాయించటమే విమానయానం నేర్చుకున్న పాఠం.