పన్నెండేళ్ల గుర్రాన్ని దూరానికి దించాలంటే

దివిసీమ రైతు ఎద్దును బేరమాడే ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. గుర్రానికీ అదే పద్ధతి, లెక్క మాత్రం వేరు. అయిదేళ్లకు శాశ్వతపు పళ్లన్నీ వచ్చి ‘నోరు కలుస్తుంది’. పదేళ్ల ప్రాంతంలో పైదవడ చివరి ముందుపన్ను మీద చిగురు దగ్గర ముదురురంగు గాడి ఒకటి మొదలవుతుంది. అది పదిహేనేళ్లకు పన్ను సగం దాకా, ఇరవైకి కొస దాకా దిగుతుంది. ఏడాదో రెండేళ్లో అటూ ఇటూ కావచ్చు. అయినా ‘ఎనిమిదేళ్లేనండీ’ అనే అమ్మేవాడి మాట కంటే ఆ గాడినే నమ్మాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, పెళ్లి ఊరేగింపుల్లో తిరిగిన గుర్రాన్ని దూరపు స్వారీకి, అంటే ఎండ్యూరెన్స్ రైడింగ్‌కు మళ్లించాలనుకునేవారికి ముందు ఎదురయ్యేది వయసు ప్రశ్నే. ఈ క్రీడలో కొత్తవాళ్ల దూరం 40 కిలోమీటర్లు, ఇంచుమించు బందరు నుంచి గుడివాడ. పెద్ద పోటీ 160. బందరు నుంచి బెజవాడ వెళ్లి తిరిగొచ్చినా అంత దూరం రాదు. కాలిఫోర్నియాలో 1955లో మొదలైన టెవిస్ కప్‌లో ఆ దూరాన్ని 24 గంటల్లో దాటాలి. మధ్యమధ్య పశువైద్యులు ఆపి చూస్తారు. అంతర్జాతీయ పోటీల్లో గుండె వేగం నిర్ణీత సమయంలో నిమిషానికి 64కు దిగకపోయినా, కాలు కుంటినా గుర్రం అక్కడితో ఆగిపోవాల్సిందే. చిన్న వయసు గుర్రాలను పెద్ద దూరాలకు రానివ్వరు. వెన్నెముక ఎదుగుదల పూర్తి కావడానికే అయిదారేళ్లు పడుతుంది మరి. కాబట్టి పన్నెండేళ్లు అడ్డంకి కాదు. ఎముక గట్టిపడింది, బుద్ధీ కుదురుకుంది.

చిక్కంతా కాలి నరాల దగ్గరే ఉంది. రోజూ స్వారీ చేస్తే రెండు మూడు నెలల్లో గుర్రానికి దమ్ము పెరుగుతుంది, కండ తేలుతుంది. ముంగాలి వెనుక భాగంలో మోకాలి నుంచి గిట్ట వైపు దిగే నరం, అంటే స్నాయువు, అంత త్వరగా బలపడదు. దానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం కావాలి. పైగా వయసుతో దాని సాగుడు తగ్గుతుంది. గుర్రం ఉరకలు వేస్తుంది, మనమూ సంబరపడి వేగం పెంచుతాం, నరం తెగేది సరిగ్గా అప్పుడే. అందుకే రోజూ పొద్దున జీను వేయకముందే ఆ నరం వెంట అరచేత్తో పైనుంచి కిందికి తడమాలి. రెండో కాలితో పోల్చి చూడాలి. కాస్త వెచ్చగా తగిలినా, వాచినట్టున్నా ఆ రోజు స్వారీ లేదు.

మొదటి రెండు నెలలూ ఒట్టి నడకే. కాలువ గట్టు మీద గట్టి మట్టిదారి ఇందుకు చక్కగా పనికొస్తుంది. వానాకాలపు నల్లరేగడి డెక్కను పట్టి లాగుతుంది, మంగినపూడి దగ్గర పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది. ఆ రెండూ మొదట్లో వద్దు. తర్వాత ట్రాట్ అనే పరుగునడకను కొద్దికొద్దిగా కలపాలి. ఒకే వారంలో దూరమూ వేగమూ రెండూ పెంచకూడదు.

కోస్తా ఉక్క మరో గండం. గుర్రం గంటకు పది లీటర్లకు పైగా చెమట పోయగలదు. గాలిలో తేమ నిండినప్పుడు ఆ చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఇరవై ఏళ్లు పైబడినవి వయసులో ఉన్నవాటికంటే త్వరగా వేడెక్కుతాయి. కాబట్టి ఏడాది సాధనలో కష్టమైన భాగాన్ని కార్తీకంలో మొదలుపెట్టి ఎండలు ముదిరేలోగా ముగించడం మేలు. ఒళ్లు కాలిపోతున్న గుర్రం మీద చన్నీళ్లు పోస్తే కండలు పట్టేస్తాయని కొందరు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు, ఊపిరి కుదుటపడేదాకా పోస్తూనే ఉండాలి. తాగడానికి నీళ్లూ, మేతలో ఉప్పూ ఇవ్వాలి.

మేత దగ్గర డెల్టా అలవాట్లు కొన్ని మార్చుకోక తప్పదు. వరిగడ్డిలో బలం తక్కువ. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అదే ప్రధానంగా పెడితే ఒంట్లోని కాల్షియం ఎముకల నుంచి కరిగిపోతుంది, చివరికి ముఖపు ఎముకలు ఉబ్బుతాయి. పచ్చి పిల్లిపెసర, జొన్నచొప్ప, నానబెట్టిన ఉలవలు కలిపి పెట్టడం మంచిది. జనుము గింజలు మాత్రం గుర్రం నోటికి అందనివ్వకూడదు, అవి విషం.

వీటన్నిటికంటే ముందు పశువైద్యుడికి చూపించాలి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. తడినేలల్లో జోరీగల వల్ల వచ్చే సర్రా వ్యాధి లేదని రక్తపరీక్షలో తేలాలి. నమిలే పళ్లు వాడిగా మొలుచుకొచ్చి బుగ్గ కోస్తుంటే అరగదీయించాలి. కుంటు ఉందేమో గట్టినేల మీద నడిపించి చూడమనాలి. పదిహేనేళ్లు దాటిన గుర్రానికి వేసవిలోనూ బొచ్చు రాలకుండా ఉంటే ఆ సంగతీ వైద్యుడికి చెప్పాలి.

ఇవన్నీ కుదిరాక, దాదాపు ఏడాది సాధన తర్వాత, మొదటి 40 కిలోమీటర్లకు దిగవచ్చు. గెలుపు సంగతి ఆలోచించకుండా వెళ్లాలి. మర్నాడు పొద్దున మళ్లీ అరచెయ్యి ఆ నరం మీదే పెట్టి చూసి, చల్లగా ఉంటే వారం పదిరోజులు విశ్రాంతినిచ్చి, ఆ తర్వాతే మళ్లీ జీను వేయాలి.