పల్లెకు పోయిన మీనా



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక చేతిలోకి తీసుకునే నవల ఎలా ఉండాలి? చదువుతుంటే మనసు తేలికపడాలి. కాసేపు నవ్వు రావాలి. చివరికి అంతా సుఖాంతం కావాలి. అంతేగా! ఐర్లండు పల్లెలో కొత్తగా బతుకు మొదలుపెట్టే అమ్మాయిల ప్రేమకథలు ఇంగ్లీషులో చాలానే ఉన్నాయి. మనం అంత దూరం పోనక్కరలేదు. యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా' ఉంది కదా!

1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టి 2018లో కన్నుమూసిన ఈ రచయిత్రి నవలలు కరీంనగర్‌లో, మంచిర్యాలలో కూడా ఎందరో ఇల్లాళ్లకు పరిచయమే. 'మీనా'ను 1973లో విజయనిర్మల గారు సినిమాగా తీశారు. 2016లో వచ్చిన 'అ ఆ' చూసినవారికి ఆ కథలో దీని పోలికలు ఇట్టే తెలుస్తాయి.

కథ చిన్నదే. ఉన్నవారింటి పిల్ల మీనా. ఇంట్లో అన్నీ ఉన్నాయి, తల్లి మాటకు ఎదురు చెప్పే వీలు తప్ప. ఆ పిల్ల పల్లెలో బంధువుల ఇంటికి చేరి, సేద్యం చేసుకునే బావను ఇష్టపడుతుంది.

ఇటువంటి నవల నడిచే తీరు గమనించండి. ముందు పిల్లను అలవాటైన ఇంటి నుంచి కదిలించాలి. కొత్తచోట చిన్న చిన్న తగవులు, పొరపాట్లు, నవ్వులు రావాలి. ప్రేమ కబుర్లలో కన్నా పనిపాటల్లో పెరగాలి. చివరికి ఆమె తన ఇంటివాళ్ల ఎదుట నోరు విప్పాలి. అసలు కథ ఆ నోరు విప్పడమే.

"పల్లె బతుకు అంత హాయిగా ఉంటుందా?" అని మీరు అడగవచ్చు. న్యాయమే. మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు బొంబాయికో దుబాయికో మగవాళ్లు పోయిన ఇళ్లు ఎన్ని లేవు! అక్కడ మళ్లీ మొదటి నుంచి బతుకు దిద్దుకుంటున్నది ఆడవాళ్లే. పొలం చూసుకుంటారు, అత్తామామలను చూసుకుంటారు, తీరిక దొరికితే చాట ముందేసుకొని బీడీలు చుడతారు. వారికి పొలం గట్టు మీద బావ ఎదురుపడడు, ఫోనులో వినిపిస్తాడు.

మరి నవల అబద్ధమా? కాదు. పల్లె మీనాకు ఇచ్చింది బావను మాత్రమే కాదు, "నాకేం కావాలి?" అని తనను తాను అడుక్కునే ధైర్యాన్ని కూడా. ఆ ధైర్యం పట్నంలో ఉన్నవారికీ కావాలి, పల్లెలో ఉన్నవారికీ కావాలి.

ఈ నవల చదివేటప్పుడు మనమంతా మీనా పక్షమే. కాని పుస్తకం మూసి, ఇంట్లో అమ్మాయికి సంబంధాలు చూడడం మొదలుపెట్టగానే మీనా తల్లి పక్షానికి మారిపోతాం! కట్నకానుకలు, హోదా, బంగారం అన్నీ మాట్లాడుకుంటాం. పిల్లను మాత్రం అడగం. ఈసారి అడిగి చూడండి. ఆమె చెప్పేదాకా ఓపిక పట్టండి.