మీకు తెలుసా? రోమ్‌లో అమ్ముగూడ కుర్రాడి గోల్స్

1960 రోమ్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ కొట్టినవి మొత్తం 3 గోల్స్. అందులో 2 మన సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంవే! ఒకటి పెరూపై, మరొకటి హంగరీపై. ఆ హంగరీ ఆ ఏడు కాంస్యం గెలిచిన జట్టు. దానితో మనవాళ్లు 1-2 తేడాతోనే ఓడారంటే ఎంత గట్టిగా ఆడారో చూడండి.

హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన ఆటగాడు బలరాం. 1956లో ఆస్ట్రేలియాను దాని సొంతగడ్డ మెల్‌బోర్న్‌లోనే 4-2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచిన ఒలింపిక్ బృందంలోనూ ఉన్నారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం, అర్జున అవార్డు అందుకున్నారు. ఆ మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు ఆయన్ను ఆటకు దూరం చేసింది. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు. రోమ్ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు.