బడిగంటకీ కుంచెకీ మధ్య...

చిత్రం అనగానే మన పాఠకులకు తెరమీద కదిలే బొమ్మే గుర్తుకొస్తుంది. స్టూడియో అంటే సారథి, అన్నపూర్ణ, రామానాయుడు... లైట్లు, క్రేన్లు, మేకప్ గదులు! ఈ వారం చెప్పబోయే చిత్రాలు కదలవు. స్టూడియో అంటారా, అది ఇంట్లో ఓ గది. చాలామందికి ఆ గదీ ఉండదు, మంచం ఓ పక్కకు జరిపితే దొరికే జాగాయే స్టూడియో! అలాగని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో అర్చన నటించిన సినిమా ఉంది, జాతీయ బహుమతి ఉంది, సినారె కూడా ఉన్నారు.

వేములవాడ రాజన్న దర్శనం చేసుకుని కోరుట్ల వైపు సాగితే చందుర్తి. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాత కరీంనగర్ జిల్లా నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చిన మండలం. అప్పుడే దీన్నించి విడిపోయి వేరే మండలమైన రుద్రంగి పేరు 2023లో జగపతిబాబు సినిమాకి టైటిల్ అయిన సంగతి మీకు తెలిసిందే. గడీలు, దొరలు, బతుకమ్మలు, ఒగ్గుకథలు... కథలకు కరువులేని నేల. బొమ్మలకూ కరువులేదు. కరువల్లా ఒక్కదానికే. బొమ్మ వేసేవాడి చేతిలో టైముకి!

ఇటువంటి ఊళ్ళో బొమ్మలు వేసే చెయ్యి ఉన్న కుర్రాడు ఏం చేస్తాడు? ఒకప్పుడు రెండు దారులుండేవి. ఒకటి, టౌనుకి పోయి సినిమా బ్యానర్లూ, షాపుల బోర్డులూ రాయడం. ఫ్లెక్సీ వచ్చాక ఆ దారి దాదాపు మూసుకుపోయింది. రెండోది డ్రాయింగు మాష్టారి ఉద్యోగం. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు ప్యాసయి, వేసవి సెలవుల్లో నలభై రెండు రోజుల టీటీసీ ట్రైనింగు పూర్తిచేసి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూడాలి. ఉద్యోగం దొరికిందే అనుకోండి... అసలు కష్టం అక్కడే మొదలు!

బళ్ళో బొమ్మలు వేసే సారు ఒక్కరుంటే చాలు, అన్ని పనులూ ఆయన నెత్తిమీదికే వస్తాయి. వార్షికోత్సవానికి స్టేజీ వెనక తెర, ఆగస్టు పదిహేనుకి జెండా చుట్టూ ముగ్గులు, సైన్సు సారుకి గుండెకాయ చార్టు, సోషల్ సారుకి దేశపటం. ఎన్నికలొస్తే డ్యూటీ. ఇంటికి చేరేసరికి పొద్దు వాలిపోతుంది. ట్యూబులైటు కింద కలిపిన పసుపు పొద్దున చూస్తే వేరే పసుపులా ఉంటుంది! నూనె రంగులు వేద్దామంటే ఒక పొర ఆరడానికే రోజులు పడుతుంది, ఆ వాసనకి ఇంట్లో పిల్లలు నిద్రపోరు. నీటిరంగులైతే తడి ఆరకముందే పని తేలిపోవాలి. అంతలో పాలవాడు పిలిస్తే ఆకాశం మీద మరక మిగులుతుంది!

అదే కవిగారైతేనా? వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి.నారాయణరెడ్డి గారిని చూడండి. ఉస్మానియాలో పాఠాలు చెబుతూనే 1962లో 'గులేబకావళి కథ'కి పాటలు రాశారు. ఆ తర్వాత ఆయన పాటలు వేలకు వేలు. మేష్టారి ఉద్యోగమూ పోలేదు, పాటా ఆగలేదు. ఆయన ప్రతిభను తక్కువ చెయ్యడం కాదు గానీ, పాట జేబులో ఇముడుతుంది. రైల్లో పల్లవి, కారులో చరణం. మూడడుగుల క్యాన్వాసుని ఏ జేబులో పెట్టుకుంటారు?

అయినా ఈ పాత కరీంనగర్ జిల్లా నుంచే ఒకాయన ఆ క్యాన్వాసుని కూడా సాధించాడు. బూరుగుపల్లి అనే ఊళ్ళో 1942లో పుట్టిన తోట వైకుంఠం. పేరు తెలియని వాళ్ళు కూడా బొమ్మ చూస్తే గుర్తుపడతారు. పసుపు రాసుకున్న ముఖం, రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు, ముక్కుపుడక, ఎర్రచీర, నిండుగా కూర్చున్న తెలంగాణ ఇల్లాలు. ఇప్పుడు ఆ ఆడవాళ్ళ నకళ్ళు పెళ్ళి శుభలేఖల మీద, హోటళ్ళ గోడల మీద ఎక్కడపడితే అక్కడే. చిన్నప్పుడు ఊరికి వచ్చే నాటక బృందాల్లో మగవాళ్ళు ఆడవేషం కోసం ముఖాలకు రంగులు పూసుకుంటుంటే కళ్ళప్పగించి చూసేవాడట. బొమ్మల్లోని ఆ స్త్రీమూర్తికి మూలం కన్నతల్లే అని ఆయనే చెప్పుకున్నారు.

హైదరాబాద్ ఫైనార్ట్స్ కాలేజీలో చదివి, ఫెలోషిప్ మీద బరోడా వెళ్ళి కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ఆ సుబ్రమణ్యన్ గారు కూడా పేరుపడ్డ చిత్రకారుడూ, పేరుపడ్డ మేష్టారూనూ. బొమ్మలు వేస్తూ, పాఠాలు చెబుతూ, పిల్లల పుస్తకాలూ ఆటబొమ్మలూ చేస్తూ, వాటిలో ఏదీ తక్కువ పని అనుకోని మనిషి. అటువంటి గురువు దగ్గర్నించి తిరిగొచ్చిన వైకుంఠానికి జీవనోపాధి ఎక్కడ దొరికిందనుకున్నారు? హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని బాలభవన్‌లో, పిల్లలకు బొమ్మలు నేర్పే ఉద్యోగం!

పెద్ద చదువు చదివి పిల్లకాయలకు ఏనుగు తొండం దిద్దించడమా అని జాలిపడేవాళ్ళు ఉంటారు. నాకు మాత్రం జాలి లేదు. పిల్లలు ఎరుపు కావాలంటే ఎరుపే పూస్తారు, దానికి కాస్త బూడిదరంగు కలుపుదామని ఆలోచించరు. ఆ పిల్లల మధ్య ఏళ్ళు గడిపిన మనిషి క్యాన్వాసు మీద ఎరుపు ఎర్రగా, పసుపు పచ్చగా నిలబడటం వట్టి కాకతాళీయమంటే నేనొప్పుకోను. ఇది నా ఊహే సుమండీ, ఆయన చెప్పింది కాదు.

ఇంకో మాట. ఎప్పుడూ అదే ఆడమనిషిని వేస్తాడేమిటని వైకుంఠాన్ని విమర్శించేవాళ్ళున్నారు. ఉద్యోగం చేసుకుంటూ ఎప్పుడన్నా కుంచె పట్టి చూడండి, ఆ కిటుకు తెలుస్తుంది! రోజుకో కొత్త విషయం వెతుక్కుంటే ఉన్న రెండు గంటలూ వెతుకులాటకే సరి. ఎవర్ని వేస్తామో ముందే తెలిసిన మనిషికి నిన్న ఆపిన గీత ఇవాళ దొరుకుతుంది. బొట్టు అదే, కాని ఆ చూపు మారింది. చీర అదే, కూర్చున్న తీరు మారింది.

ఇక మన సినిమా సంగతి. బి.నర్సింగరావు స్వయంగా చిత్రకారుడు. 1988లో 'దాసి' తీసినప్పుడు కళాదర్శకత్వం వైకుంఠానికి అప్పగించారు. నిజాం కాలపు గడీ, దొరసానితో అరణంగా వచ్చిన దాసి... ఆ కథకి కావలసినవి ఖరీదైన సెట్టింగులు కావు. అరుగు ఎంత ఎత్తుండాలో, బిందె ఎక్కడ బోర్లించాలో, ఏ గడప ఎవరు దాటకూడదో తెలిసిన కన్ను. ఆ ఏటి జాతీయ బహుమతుల్లో 'దాసి'కి అయిదు దక్కాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె.బీర్, దుస్తులకు సుదర్శన్, కళాదర్శకత్వానికి మన వైకుంఠం. అంత పెద్ద బహుమతి వచ్చాక ఇంకొకరైతే మద్రాసుకో హైదరాబాద్‌కో వరసగా సెట్లు వేసుకుంటూ పోయేవారు. ఆయన మళ్ళీ తన బొట్టు ఆడవాళ్ళ దగ్గరికే పోయాడు.

సిరిసిల్ల నుంచి పట్నం పోయే దారిలో సిద్దిపేట తగులుతుంది. అక్కడ కాపు రాజయ్య (1925-2012) అసలు ఊరే వదల్లేదు. డ్రాయింగు మాష్టారుగా పనిచేస్తూ నకాషీ పద్ధతిని తన కుంచెలోకి తెచ్చుకుని, బోనాలు, వడ్డెర ఆడవాళ్ళు, పల్లె పండుగలు గీశాడు. బళ్ళో పాఠం, ఇంటి దగ్గర బొమ్మ, వచ్చిన కుర్రాళ్ళకు అక్కడే చదువు. ఊరొదిలితేనే కళాకారుడన్న మాటకు ఆయనే జవాబు.

అన్ని కథలూ అంత సాఫీ కాదు. కరీంనగర్ జిల్లా అన్నారంలో 1915లో పుట్టిన పి.టి.రెడ్డి బొంబాయి జె.జె.స్కూల్లో చదివి, 1940లలో అక్కడి కుర్ర చిత్రకారుల్లో ముందు వరసలో నిలిచి కూడా, సంసారం కోసం కొన్నేళ్ళు ఫర్నిచర్ వ్యాపారం చూసుకోవలసి వచ్చింది. తరవాత మళ్ళీ కుంచె పట్టి చివరిదాకా వదల్లేదనుకోండి. ఆయన భార్య పాకాల యశోదారెడ్డి గారేమో ఉస్మానియాలో తెలుగు పాఠాలు చెబుతూ, ఇల్లు దిద్దుకుంటూ, తెలంగాణ పల్లె మాటలో 'మా ఊరి ముచ్చట్లు' రాశారు. నారాయణగూడలోని 'సుధర్మ' అనే ఆ ఇంట్లో ఎవరి గంటలు ఎవరు ఎవరికి ఇచ్చుకున్నారో! ఆడవాళ్ళ విషయంలో ఈ లెక్క ఎప్పుడూ ఇంకాస్త కఠినం. డ్రాయింగు టీచరమ్మ బడి నుంచి వచ్చాక వంటింట్లో రెండో డ్యూటీ ఎక్కాలి. ఆ తర్వాతే కదా కుంచె!

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైన పిల్లలుంటే చిత్రలేఖనం వంటి కళలకు ఓ పార్ట్‌టైమ్ బోధకుడుండాలి. పార్ట్‌టైమ్! సగం రోజు పని కాబట్టి మిగతా సగం బొమ్మలకే అనుకునేరు. సగం రోజు గౌరవ వేతనంతో ఇల్లు గడవదు. మిగతా సగం ట్యూషన్లకో, గోడరాతలకో, పెళ్ళి మండపం అలంకరణకో పోతుంది. రాజయ్య గారికి తక్కువో ఎక్కువో ఒకటో తారీఖు జీతం ఉండేది, ఆ జీతం వెనక ఒక సాయంత్రం ఉండేది. చందుర్తిలో గానీ, రుద్రంగిలో గానీ ఇవాళ అయిదేళ్ళ పిల్లవాడు పలక మీద ఎర్రబొట్టు అమ్మమ్మని గీసి చూపిస్తే, దాన్ని చూసి పిల్లవాడి పేరడగడానికి ఆ సారుకి తీరిక కావాలి. ఆ సారు తన బొమ్మ తాను వేసుకోవడానికి వారంలో ఒక ఆదివారం, కిటికీలోంచి పదకొండింటి దాకా వచ్చే వెలుతురు కావాలి. మొదటిది బడి ఇవ్వగలదు. రెండోది ఇప్పించగలిగింది ఇంట్లోవాళ్ళే. మంచం పక్కకు జరపవలసింది వాళ్ళే కదా!